రెండు నామాల చిమ్మట

1979 ఆగస్టు 1, బుధవారం

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని.

పొద్దున ల్యాబులో మా జువాలజీ మేడం చంద్రకాంతమ్మ గారు నా అరచేతిలో ఒక చచ్చిన చిమ్మటను పెట్టారు. దీపం చుట్టూ తిరిగే మామూలు పురుగే కదా అనుకున్నాను. లెన్సులో చూస్తే వీపు మీద రెండు తెల్లగీతలు, నడుమ ఒక ఎర్రగీత. అచ్చంగా నామం. తిరుపతి పురుగు కదా, ముస్తాబయ్యే పుట్టింది.

ఈ చిమ్మటలో రెండు రకాలున్నాయట. ఒకదానికి తెల్లగీతలు కింద కలిసి అక్కడే ఆగిపోతాయి. రెండోదానికి కలిసిన చోటి నుంచి చిన్న పాదం కిందికి దిగుతుంది. ఇవి వేరు వేరు జాతులా, ఒకే జాతికి రెండు రూపాలా? ఎవరూ తేల్చలేదు. మన కొండ మీద ఏది ఎక్కడ ఉంటుందో కూడా ఎవరూ రాయలేదు.

"నువ్వు రాయి" అన్నారు మేడం. "అక్టోబరు పదిహేనులోగా తేలిస్తే రీసెర్చి సీటుకు నీ పేరు పంపుతాను. ఉన్నది ఒక్క సీటే."

తేల్చలేకపోతే సత్యవేడు బళ్ళో టీచరు ఉద్యోగం. అక్కడి కరస్పాండెంటుకు నాయన మాట ఇచ్చి ఉన్నాడు. మంచి ఉద్యోగమే. మా ఇంట్లో వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. టీచరంటే మా ఊళ్ళో కలెక్టరు తర్వాత లెక్క. కానీ నాకు చిమ్మట కావాలి.

నియమాలు:
ఒకటి. వారానికి మూడుసార్లు అలిపిరి నుంచి కొండకు నడిచే ఎక్కాలి. బస్సు కూడదు.
రెండు. మెట్లు ఊడ్చేవాళ్ళు రాకముందే దీపస్తంభాల కింద వెతకాలి.
మూడు. ప్రతి చిమ్మటనూ నా కళ్ళతో చూసి నా చేతులతో ఎత్తాలి.
నాలుగు. చంపకూడదు. తమంతట తాము రాలిపోయినవే ఏరుకోవాలి.

నాలుగో నియమం నాది కాదు. నేను అద్దెకుంటున్న పెంకుల గది అమృతవల్లమ్మ గారిది. "ఏడుకొండల మింద పురుగు ప్రాణం తీసినావంటే నా గది నాకిచ్చి పోవాల్సొస్తాది పంకజాక్షీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అయినా రాసుకున్నాను.

ఆగస్టు 2, గురువారం

మొదటి రోజే రెండు! అలిపిరి దీపం కింద ఒకటి, దానికి పాదం లేదు. మెట్ల చివర తిరుమలలో ఒకటి, దానికి పాదం ఉంది. చీమలకంటే ముందు నేనే చేరాను.

తిరుమల దాకా ఎక్కాను. దిగేటప్పుడూ నడిచే వచ్చాను. ఆకలి వేయలేదు, అలసట రాలేదు. ఈ లెక్కన సెప్టెంబరుకే పని అయిపోతుంది. మిగిలిన రోజుల్లో తలకోన అడవి చూడవచ్చు. ఆ తర్వాత హార్సిలీ కొండలు. ఆ తర్వాత నల్లమల మాత్రం ఎంత దూరం.

ఆగస్టు 4, శనివారం

మంచం దిగలేకపోతున్నాను. మోకాళ్ళు నావి కావు.

వారానికి మూడుసార్లు అని రాసుకున్న మాట నిజమే. ఏ వారం నుంచి అని రాసుకోలేదు.

ఆగస్టు 6, సోమవారం

చిమ్మటలు రెండింటినీ దూది మీద పెట్టి అరుగు మీద ఆరబెట్టాను. పొరపాటు చేశాను.

మా ఇంటాయన యతిరాజులు గారు కొండ మీద దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. తెంగలై వైష్ణవులు. వాళ్ళ నామానికి ముక్కు మీదికి దిగే పాదం ఉంటుంది. ఎదురింటి వేంకటాచలపతి గారు రిటైరైన సంస్కృతం అయ్యవారు. వడగలై. వాళ్ళ నామానికి పాదం ఉండదు. ఇద్దరూ ఒకే పేపరు పంచుకుని చదువుతారు, ఒకే చెంబులో కాఫీ పంచుకుని తాగుతారు. నుదుటి దగ్గర మాత్రం రాజీ లేదు.

యతిరాజులు గారు కళ్ళజోడు పెట్టుకుని తిరుమల చిమ్మట మీదికి వంగారు. "పాదం ఎంత స్పష్టంగా ఉండాదో చూడండి స్వామీ. అడివి పురుగుక్కూడా తెలుసు ఏది అసలు నామమో."

"అలిపిరిది చూడండి స్వామీ" అన్నారు వేంకటాచలపతి గారు. "దీనికి పాదం యాడుంది? కొండ మొదట్లో స్వామికి కాపలా ఉండే పురుగు. దానికి తెలీదా?"

"పైకి ఎక్కలేక ఆడ్నే పడిపోయిందది."

"పైన దొరికితే పెద్దదైపోతాదా? మీరూ రోజూ బస్సెక్కి పైకి పోతా ఉండారు. పెద్దవాళ్ళయినారా?"

లోపలి నుంచి అమృతవల్లమ్మ గారి గొంతు: "రెండూ చచ్చిన పురుగులే. కాఫీ ఆరిపోతా ఉండాది, రాండి."

ఆగస్టు 11, శనివారం

నిన్న శ్రీహరికోట నుంచి వదిలిన రాకెట్టు సముద్రంలో పడిందట. రేడియోలో చెప్పారు.

నిన్న నేనూ పడ్డాను. కొండ మెట్ల మీద అయితే చెప్పుకోవడానికి బాగుండేది. అలిపిరి కూడా చేరలేదు, మా వీధి చివర పేడ మీద జారాను. చీలమండ వాచింది.

"అంత పెద్ద రాకెట్టే పోలేకపోయింది. నువ్వు అలిపిరికి పోలేకపోతే ఏమమ్మా" అన్నారు యతిరాజులు గారు. మనసుకు హాయిగా ఉంది. వాపు తగ్గలేదు.

ఆగస్టు 14, మంగళవారం

యతిరాజులు గారు ఖాళీ పొడుం డబ్బా ఒకటి కడిగి తెచ్చి చూపించారు.

"నేను ఎట్లా పొద్దున్నే మొదటి బస్సుకు కొండకు పోతా ఉండా. బస్టాండు దీపాల కింద నీ పురుగులు రాలి ఉంటాయి. నాలుగు ఏరుకొస్తే నాకేం తరిగిపోతాది?"

ఆలోచించాను. మూడో నియమానికి సవరణ: నా కళ్ళు అంటే నేను నమ్మిన పెద్దల కళ్ళు కూడా.

సాయంత్రానికి డబ్బా వచ్చింది. మూడు చిమ్మటలు. మూడింటికీ పాదం ఉంది.

ఆగస్టు 17, శుక్రవారం

వేంకటాచలపతి గారు అలిగారు.

"ఆయన తెస్తే పుచ్చుకుంటావు. నేను తెస్తే పనికిరావా? నేను తెల్లారి అలిపిరి దాకా నడిచి వస్తానని ఊరంతా ఎరుగును."

పనికిరావని ఎట్లా అంటాను? పెద్దాయన. మరుక్షణం పంచె కొంగు ముడి విప్పారు. అయిదు చిమ్మటలు. ఒక్కదానికీ పాదం లేదు.

నా చీలమండ దాదాపు బాగైపోయింది. దాదాపు.

ఆగస్టు 27, సోమవారం

నిన్న వినాయక చవితి. ఉండ్రాళ్ళు తిన్న మరునాడు కొండ ఎక్కకూడదని ఎక్కడా లేదు. ఉంటే బాగుండు.

పోయిన వారం నడకల సంగతి:
సోమవారం వాన పడింది.
బుధవారం వాన పడేట్టు ఉంది.
శుక్రవారం వాన పడలేదు. వాన లేకపోతే చిమ్మటలు రావు.

పాలు, పేపరు, చిమ్మటలు అన్నీ గుమ్మంలోకే వస్తున్నాయి. నేను తీరిగ్గా లేచి, కాఫీ తాగి, పిన్నులు గుచ్చి, చీటీలు రాస్తున్నాను. సైన్సు ఇంత సుఖంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 5, బుధవారం

కొండ మ్యాపు గీసి, ఒక్కో చిమ్మటకూ ఒక్కో చుక్క పెట్టాను. పాదం ఉన్నవి ఎరుపు, లేనివి నీలం. పెట్టాక దూరంగా నిలబడి చూశాను.

కింద అలిపిరి వైపు అన్నీ నీలం. పైన తిరుమలలో అన్నీ ఎరుపు. ఒక్క చుక్కా గీత దాటలేదు. ఎవరో కొండకు అడ్డంగా గోడ కట్టినట్టుంది.

మేడం చూసి కళ్ళజోడు తీశారు, తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ఎత్తును బట్టి విడిపోయాయి. ఇంత శుభ్రంగానా? అయితే ఇవి రెండు జాతులే." సీటుకు నా పేరే రాస్తానన్నారు. "అన్నీ తాజాగా రాలినవే కదా?"

"తాజావే మేడం."

అది నిజం. ఎవరు ఏరారని ఆమె అడగలేదు. అడగమని నేనూ అనలేదు.

సెప్టెంబరు 16, ఆదివారం

నాయన వచ్చాడు. భుజాన వేరుశనగల మూట. మూట దించకుండానే చిమ్మటల పెట్టె చూశాడు.

"ఇదేనా నీ సదువు?"

"ఇదే నాయనా."

"మన శెనక్కాయ సేన్లో ఎర్ర గొంగళి పడితే, దాని తల్లులు ఈ దీపం పురుగులే. గట్టున మంటేసి మేము వాటిని సంపుతా ఉంటే, నువ్వు ఈడ దూది పరిసి పండబెడతా ఉండావే."

"ఇవి వేరే జాతి. అడివి ఆకు తింటాయి."

"నీతో సెప్పినాయా?"

అమృతవల్లమ్మ గారు గడప వెనక నవ్వు ఆపుకోలేకపోయారు. నాయన కూడా నవ్వాడు. ఆ తర్వాత మూట దించి నిదానంగా అన్నాడు: "సత్యవేడు ఆయన దసరా ఎల్లినాక ఏదో ఒకటి సెప్పమన్నాడు. మీ మేడం సీటిస్తే సరే, ఆయనకు నేను సెప్పుకుంటా. ఇయ్యకుంటే మాత్రం నా మాట పోనీయకు."

"పదిహేను దాకా ఆగు నాయనా."

"ఆగుతా." మ్యాపు దగ్గరకు పోయి చుక్కల మీద వేలు ఆనించాడు. చదువు రాదు గాని మ్యాపులో కొండ ఏదో, దారి ఏదో వెంటనే పట్టేశాడు. "ఇవన్నీ నువ్వు నడిసిన సోట్లేనా?"

నేను శనక్కాయలు వలవడం మొదలుపెట్టాను.

"కాళ్ళు కాపాడుకో తల్లీ" అని బస్సుకు వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 28, శుక్రవారం

బ్రహ్మోత్సవాలు. మెట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. చిమ్మటలు ఎక్కడ నలిగిపోతాయో అని వెళ్ళలేదు. జనం తగ్గాక వెళ్తాను.

జనం రాకముందు ఎందుకు వెళ్ళలేదో గుర్తు రావడం లేదు.

కిటికీలోంచి కొండ కనిపిస్తూనే ఉంటుంది. చూస్తూనే ఉన్నాను.

అక్టోబరు 3, బుధవారం

వాన. మధ్యాహ్నం పెంకుల సందులోంచి నీటిచుక్క ఒకటి చిమ్మటల పెట్టెలో పడింది. సరిగ్గా తిరుమల బస్టాండు చిమ్మట వీపు మీద.

పాదం కరిగిపోయింది.

మొదట లెన్సు పాడైందనుకున్నాను. కరిగిన తెలుపును వేలితో తీసి వాసన చూశాను. తిరుమణి. యతిరాజులు గారు రోజూ నామం దిద్దుకునే తెల్లమట్టి.

రెండో చిమ్మట మీద నేనే ఒక చుక్క నీళ్ళు వేశాను. కరిగింది. మూడోదానిది కరగలేదు. అది నిజం పాదం. నాలుగోదానిది మళ్ళీ కరిగింది.

తర్వాత అలిపిరి చిమ్మటలు తీశాను. నీళ్ళు వేస్తే ఏమీ కాలేదు. లెన్సులో చూస్తే పాదం ఉండాల్సిన చోట పొలుసులు లేవు. నున్నగా, నల్లగా, గోటితో గీకిన గుర్తు.

ఒకరు దిద్దారు. ఒకరు గీకారు. నేను నిద్రపోయాను.

అక్టోబరు 4, గురువారం

విచారణ. స్థలం: మా అరుగు.

"దిద్దినా, నిజమే. లేనిది పెట్టలేదమ్మా" అన్నారు యతిరాజులు గారు. "పుట్టుకతో ఉండినదే. బస్సు కుదుపులకు చెరిగి ఉంటాది."

"ఇన్నింటికీ చెరిగిందా అయ్యా?"

"ఘాట్ రోడ్డు కదా. మలుపులు జాస్తి."

"పాదం లేనివి ఏమీ దొరకలేదా?"

"దొరక్కేం. పారేయలేదు. చెట్టు కింద మర్యాదగా పెట్టి వచ్చినా."

వేంకటాచలపతి గారు గొంతు సవరించుకున్నారు. "నేను గీకలేదు. మురికి పట్టింటే తుడిచినాను."

"గోటితోనా అయ్యవారూ?"

"ఆ పొద్దు తుండుగుడ్డ మరిచిపోయినా."

"ఆయన గీకుతాడని తెలిసే నేను దిద్దినా" అన్నారు యతిరాజులు గారు.

"ఆయన దిద్దుతాడని తెలియకపోతే నేను గీకుతానా?" అన్నారు వేంకటాచలపతి గారు.

అమృతవల్లమ్మ గారు స్తంభం పట్టుకుని కూలబడి నవ్వారు. "తిరుమణి గడ్డ ఇంత తొందరగా ఎట్లా అరిగిపోతా ఉండాదా అని నేను రోజూ అనుకుంటి. పురుగులకు కూడా దిద్దుతా ఉండారా మీరు? నాకు పొద్దున ఒక వక్క చీల్చి ఇచ్చేదానికి తీరిక లేదంటిరే."

కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. మూడో నియమం నాది. దాన్ని సవరించిందీ నేనే.

అక్టోబరు 5, శుక్రవారం

పొద్దున నాకొక ఆలోచన వచ్చింది. దాచకుండా రాస్తున్నాను. తిరుమణిలో కాస్త తుమ్మబంక కలిపితే వానకు కూడా కరగదు. మేడం నీళ్ళు చల్లి చూడరు. సీటు వస్తుంది. నాయన సత్యవేడుకు చెప్పుకుంటాడు.

తుమ్మబంక బజారులో ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుసు. వీధి చివరి దాకా వెళ్ళాను. బజారు కుడివైపు, మేడం ఇల్లు ఎడమవైపు. దసరా సెలవుల్లో ఆమె ఇంట్లోనే ఉంటారు.

మ్యాపులో ఆ చుక్కల మీద నాయన వేలు ఆనించాడు. నేను నడిచాననుకుని కాళ్ళ గురించి చెప్పి పోయాడు.

ఎడమకు తిరిగాను.

మేడం మొత్తం విన్నారు. మ్యాపు తెప్పించి ఎదురుగా పరిచారు. "పెన్సిలుతో పెట్టావా, ఇంకుతోనా?"

"ఇంకుతో మేడం."

"నమ్మకం జాస్తి నీకు" అన్నారు. నవ్వారో లేదో తెలియలేదు. "ఇప్పుడు ఎన్ని మిగిలినట్టు?"

"రెండు. మొదటి రోజువి."

"అవి ఎవరు ఏరారు?"

"నేను."

"సరే. నీ పేరు నేను ఇంకా పంపలేదు, పదిహేనుకే పంపుతాను. ఊరికే పంపను. ఇన్నాళ్ళూ పైన చూశావు, కింద చూశావు. నిజంగా రెండు జాతులైతే నడుమ కలిసే చోట కూడా విడివిడిగానే ఉండాలి. ఒకటే అయితే అక్కడ తెలిసిపోతుంది. నడుమ ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. నడుమకు పోవాలంటే నడవాలి.

అక్టోబరు 8, సోమవారం

ఈ రోజు నుంచి మళ్ళీ. నియమాలు పాతవే, సవరణలు రద్దు.

తెల్లవారుతుండగా అలిపిరి చేరాను. వెనక చెప్పుల చప్పుడు. తిరిగి చూస్తే యతిరాజులు గారు, ఆయన వెనక వేంకటాచలపతి గారు.

"ఆడబిడ్డను ఒక్కదాన్నే ఎట్లా పంపేది" అన్నారు ఒకరు.

"ఆయన ఒక్కడే వస్తే ఏం చేస్తాడో తెలీదా" అన్నారు రెండోవారు.

"రాండి. చేతులు మాత్రం వెనక కట్టుకోవాల" అన్నాను. కట్టుకున్నారు. ఇద్దరూ చేతులు వెనక పెట్టుకుని నా వెనక మెట్లెక్కుతుంటే, పోలీసులు పట్టుకుపోతున్నట్టుందని ఒక ముసలమ్మ దిగులుపడింది.

గాలిగోపురం దాటాం. చీమలు మిగిల్చిన రెక్కలు తప్ప ఏమీ లేవు. మోకాళ్ళ మిట్ట అనే నిటారు మెట్ల దగ్గర వేంకటాచలపతి గారు కూర్చుండిపోయారు. యతిరాజులు గారు చేతులు విప్పి ఆయన వీపు నిమిరారు. ఆయన కూర్చున్న చోటికి ఎదురుగా దీపస్తంభం. స్తంభం మీద చిమ్మట. రెక్కలు పరుచుకుని, బతికి ఉంది.

లెన్సు తీశాను. రెండు తెల్లగీతలు, ఎర్రగీత. అడుగున పాదం మొదలైంది, సగంలో ఆగిపోయింది. పూర్తిగా ఉందనడానికి లేదు, లేదనడానికీ లేదు.

నడుమ చోట నడిమి రూపం. అంటే రెండు జాతులు కావు. ఒకటే.

లెన్సు ఇద్దరికీ ఇచ్చాను. ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు.

"మాదే" అన్నారు యతిరాజులు గారు చివరికి. "పాదం అరిగింది, అంతే."

"మాదే" అన్నారు వేంకటాచలపతి గారు. "ఏదో అంటుకుంది దానికి."

"తుడవాల్నని చూస్తారేమో స్వామీ."

"దిద్దాల్నని మీరు చూడకుంటే చాలు స్వామీ."

ఇది మేడం బల్ల మీద పడితే సీటు వస్తుంది. వేళ్ళ మధ్య కాస్త నొక్కితే పని అయిపోయేది. పెద్దలిద్దరూ ఒకేసారి నా చేతివైపు చూశారు. నేనూ చేతులు వెనక కట్టుకున్నాను.

అది రాలిపోయేదాకా కూర్చుందామన్నాను. ముగ్గురం స్తంభం చుట్టూ కూర్చున్నాం. ఎండ వచ్చింది. ఎక్కేవాళ్ళు ఆగి ఏమిటని అడిగారు. వీపు మీద నామం చూసి ఒకావిడ దండం పెట్టింది, ఇంకొకరు కర్పూరం వెలిగించబోతే యతిరాజులు గారు అడ్డుపడ్డారు. "పొగకు ఎగిరిపోతాది తల్లీ, ఈ బిడ్డ సీటు దాని మింద ఉండాది."

పొగ అవసరం లేకపోయింది. గాలి మారింది. చిమ్మట రెక్క ఒకసారి దులుపుకుని, మా ముగ్గురి తలల మీదుగా లోయలోకి, చెట్లలోకి వెళ్ళిపోయింది.

"మేము చూసినాం గదా" అన్నారు వేంకటాచలపతి గారు. "ఇద్దరం సాక్షి సంతకం పెడతాం."

"పాదం సగమే అని పెడతాం" అన్నారు యతిరాజులు గారు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డారో నేను చూశాను.

"మేడం సంతకాలు అడగరయ్యా. రెక్కలు అడుగుతారు."

మధ్యాహ్నం గదికి వచ్చి చీటీ ఒకటి రాసి పెట్టుకున్నాను. చోటు: మోకాళ్ళ మిట్ట. ఏరినది: పంకజాక్షి. పాదం అన్నచోట ఏమీ రాయలేదు, అది చూశాకే రాయాలి.

తేదీ మాత్రం రేపటిది వేశాను. అక్టోబరు 9.